మందుకి కుట్టుపని రాదు

ఫిబ్రవరి 3

బావమరిదికి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరూ పోలేదు. రోజూ ఓ పేజీ రాయమని డాక్టరు చెప్పాడు. చేతికి పని కావాలట. ఎవరికి రాయాలో చెప్పలేదు. తమ్ముడికి రాయండి అని మీ అక్క అంది.

ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతోంది. కత్తెర గీత మీద నిలబడ్డం లేదు. మొన్నొక కోటు కాలరు పాడుచేశాను. షాపు పెట్టిన దగ్గర్నుంచి అలా ఎప్పుడూ జరగలేదు. జబ్బు పేరు పార్కిన్సన్స్ అట. మెదడులో ఏదో రసాయనం తయారవడం తగ్గిపోయిందట. రేపట్నుంచి మాత్రలు. లైను చివరికొచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోతాయి, చూశావుగా. అదీ జబ్బేనట. ఫోన్‌లో నా గొంతు ఎవరికీ వినబడట్లేదు. అందుకని ఫోన్ చెయ్యకు.

ఇంకేం లేదు. మిషను బాగుంది. మీ అక్క బాగుంది. పేజీ నిండలేదు గానీ చెయ్యి నొప్పెడుతోంది.

ఉంటా.
బావ


ఫిబ్రవరి 12

బావగారికి,

మీ ఉత్తరం అందింది. మొదటి రెండు లైన్లూ కళ్ళజోడుతో చదివాను. మూడో లైనుకి మా కాలేజీ ఫిజిక్సు వాళ్ళ దగ్గర భూతద్దం అరువు తెచ్చుకున్నాను. సంతకం మాత్రం అక్క చెప్పింది కాబట్టి మీదే అని నమ్మాను.

జబ్బు సంగతి చదివాక కాసేపు ఏ పనీ చెయ్యలేదు. అది కూడా రాయాలి కదా, రాశాను. ఇక మామూలుగా మాట్లాడుకుందాం.

మీ పెళ్ళయ్యి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మీరు నాతో అన్న మాటలన్నీ ఏరి కుప్పపోసినా మొన్న వచ్చిన పేజీ అంత అవ్వవు. పెళ్ళిలో నా చొక్కా చూసి "భుజం దిగింది" అన్నారు. మా అమ్మ పోయిన రోజు "తిన్నావా" అన్నారు. మధ్యలో నేను ఎన్ని జోకులేశానో నాకే లెక్క తెలీదు. చొక్కాకి కాజా సరిగ్గా పడిందా లేదా అని చూసినట్టు నా మొహం చూసి పక్కకి తిరిగిపోయేవారు. అలాంటి మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని చెప్తే మా ఆవిడ కవరు తిప్పి తిప్పి చూసింది.

నా పని మీకు తెలిసిందే. ఊళ్ళో బడితో చదువు ఆపేసి కెమిస్ట్రీ ల్యాబులో తేలినవాణ్ణి. పిల్లలు కలిపినవన్నీ పారబోసి గాజు సామాను కడుగుతాను. ఏదో రసాయనం తగ్గిందంటే నాకు తోచేది ఒక్కటే, బీరువా తీసి ఇంకో సీసా పెట్టడం. మీ డాక్టరు చేసేదీ అదే అయ్యుంటుంది.

ఏం రాయాలో తోచకపోతే నన్ను తిట్టండి. పేజీ ఇట్టే నిండుతుంది.

ఈ నెల ఇంకా ఏదీ పగలగొట్టని
మీ బావమరిది


మార్చి 22

ఏమోయ్ బావమరిదీ,

భూతద్దం తిరిగి ఇచ్చెయ్. అక్షరాలు చూశావా.

చెయ్యి ఆగింది. ఎలా తెలిసిందో చెప్తా విను. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకున్నాను. టీ కదలలేదు. అద్దంలా నిలబడి ఉంది, అందులో పైన తిరిగే ఫ్యాను కనిపిస్తోంది. చూస్తూ కూచున్నా. "చల్లారిపోతోంది, తాగండి" అంది మీ అక్క. "ఆగు, చూడనీ" అన్నా. ఏం చూస్తున్నానో అని తను కూడా వంగి చూసింది పాపం.

చేతి సంగతి సరే. రంగుల సంగతి చెప్తే నమ్మవు. షాపులో నీలం దారాల పెట్టె ఉంది కదా. ఇన్నాళ్ళూ నంబరు చూసి తీసేవాణ్ణి. మొన్న మూత తీస్తే ఒక్కో నీలం ఒక్కోలా ఉంది. ఒకటి సిరా, ఒకటి సాయంత్రం, ఒకటి గ్యాస్ స్టవ్ మంట. ఇవన్నీ ఎక్కడున్నాయి ఇంతకాలం? పెట్టెలోనే ఉన్నాయి. నేనే లేను. పక్కన ఇస్త్రీ షాపు అతనితో నిన్న ఓ గంట మాట్లాడాను. షాపు పెట్టినప్పట్నుంచి పక్కనే ఉంటాడు. "మీకు మాటలొచ్చని ఎవరూ చెప్పలేదే" అన్నాడు. నవ్వాను. పైకి వినబడేలా.

నీకో చొక్కా పంపుతున్నా. జేబులు కాస్త ఎక్కువ పడ్డాయి. పెన్నుకి, కళ్ళజోడుకి, తాళాలకి, ఊరికే ఒకటి. వీపు మీద ఒకటి. ఎందుకంటావా, అక్కడ గుడ్డ ఖాళీగా ఉంది. జేబంటే ఏమిటి చెప్పు. మూడు పక్కల కుట్టడం, నాలుగో పక్క వదిలెయ్యడం. ఆ వదిలెయ్యడంలోనే ఉంది పనంతా. ఇన్నేళ్ళు కుడుతూ ఇది కనిపెట్టలేదు నేను.

భుజం చూసుకో. ఈసారి దిగదు.

మీ బావ


ఏప్రిల్ 2

బావగారికి,

చిరునామా రెండుసార్లు చూసుకున్నాను, వేరే ఎవరి బావగారి ఉత్తరమో నాకొచ్చిందేమోనని. అందులో భుజం గురించి ఉంది కాబట్టి మీరే.

ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు తాగుతున్నారేమో అనుకున్నాను. అక్కకి ఫోన్ చేసి, "బావగారు బాగా మారిపోయారే" అన్నాను. "అవునురా" అంది. ఆ తర్వాత మాట రాలేదు, ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఇన్నేళ్ళకి మొగుడు నోరు తెరిస్తే ఎవరికి మాత్రం కళ్ళనీళ్ళు రావు. ఇంకేం అడక్కుండా ఫోన్ పెట్టేశాను.

చొక్కా తొడుక్కుని కాలేజీకి వెళ్ళాను. కెమిస్ట్రీ మేడమ్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఇందులో మనిషి పట్టే చోటు కూడా ఉందన్నమాట" అన్నారు. ఎవరో పరీక్షల నోటీసు నా వీపు జేబులో పెట్టారు. అది ఎక్కడ పోయిందా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనే అన్ని గదులూ వెతికాను.

ఇంకా కుట్టండి బావగారూ. నా ల్యాబు కోటుకి పిపెట్లు, అంటే సన్నటి గాజు గొట్టాలు, పట్టేంత పొడుగు జేబు కావాలి. మీరెన్ని కుడితే అన్ని వేసుకుంటాను. మీ చేతి పని నా వంటి మీద ఉంటే నాకు ఎలా ఉందో చెప్పడం రాదు. జోకు వెయ్యడం వచ్చు గానీ ఇవి చెప్పడం రాదు.

మీ మాత్ర ముందు చేతులు కట్టుకు నిలబడ్డ
మీ బావమరిది


ఏప్రిల్ 26

బావమరిదీ,

నన్ను అర్థం చేసుకున్నవాడివి నువ్వొక్కడివే. నీ ఉత్తరం మిషను ఎదురుగా గోడకి అంటించాను.

కోటు పార్సిలు చేశాను. పిపెట్ల జేబు పక్కనే ఇంకో వరస వేశాను. కర్టెన్లకి వేశాను. దిండు గలీబులకి వేశాను. దుప్పటికి అంచు పొడుగునా వేశాను. జేబు లోపల చిన్న జేబు, దాని లోపల ఇంకా చిన్నది వేస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను, చూడాలి. పొద్దున కూచుంటే మళ్ళీ తలెత్తేసరికి వీధి లైట్లు వెలిగి ఉంటున్నాయి. కంచం పక్కన ఎండిపోయి ఉంటోంది. ఆకలే లేదు.

ఒక బ్యాంకు ఆఫీసరు కోటు బిగించమని ఇచ్చాడు. వెనకాల అంత ఖాళీ గుడ్డ చూసి ఊరుకోలేకపోయాను. కోటు చూసి అతను ఏం మాట్లాడలేదు. నచ్చిందనుకున్నా. మీ అక్క వెళ్ళి ఏదో సర్దిచెప్పి వచ్చిందట.

తనకి ఈ పనంటే చులకన. కత్తెర దాచేసింది. వేరేది తెచ్చుకున్నా. ఇప్పుడు తన బట్టల బీరువాకి తాళం వేసుకుంది. ఏం చేస్తానని? ఒక్కొక్క దానికి ఒక్క జేబు.

ఇది మీ అక్కకి చెప్పకు. డాక్టరు పొద్దునొకటి సాయంత్రమొకటి వేసుకోమన్నాడు. మధ్యాహ్నం ఇంకోటి వేసుకుంటున్నా. మొన్న చూపించుకోడానికి వెళ్తే చేతులు చాపమని చూసి, "భేష్, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా" అన్నాడు. లేవన్నా. ఉన్నదంతా బాగానే ఉందిగా.

మీ ఇంటి కర్టెన్ల కొలతలు పంపు. త్వరగా పంపు.

బావ


మే 4

బావగారికి,

కోటు వచ్చింది. వేసుకుందామని చెయ్యి దూరిస్తే బయటికి రాలేదు. రెండో చెయ్యీ రాలేదు. చూస్తే చేతుల చివర్లు కుట్టేసి ఉన్నాయి. వాటిని కూడా జేబులు చేసేశారు. నవ్వబోయాను. నవ్వు రాలేదు. అలాగే రెండు చేతులూ లోపల పెట్టుకుని నిలబడిపోయాను.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఆ రోజు ఏడ్చింది సంతోషంతో కాదట. "ఆయన నాతో మాట్లాడరురా, నా మీదుగా ఎవరితోనో మాట్లాడతారు. మిషను ఆపితే వేళ్ళు గుడ్డ కోసం తడుముకుంటాయి. నువ్వేమో ఇంకా కుట్టండి అని రాశావు. అది గోడకి అంటించుకుని మరీ కుడుతున్నారు" అంది. కాలుతున్న పొయ్యికి నేనే విసనకర్ర పట్టానన్నమాట. జోకనుకుంటూ.

పెట్టె సర్దుకుందట. జూన్‌లో మా ఇంటికి వచ్చేస్తానంది. మిమ్మల్ని బతిమాలదట, పోట్లాడదట. "డాక్టరుకి ఆయనంతట ఆయన చెప్తే ఉంటా. నేను చెప్తే నన్ను పగవాళ్ళలో జమకడతారు" అంది. మూడో మాత్ర సంగతి ఆవిడకి చెప్పొద్దన్నారు. చెప్పేశాను. తిట్టండి.

ఇంతకీ ఈ మాత్ర ఏం చేస్తుందో కెమిస్ట్రీ మేడమ్‌ని అడిగాను. ఆవిడ తెలిసిన డాక్టరుని అడిగి వచ్చి ల్యాబులో బల్ల మీద కూచుని చెప్పారు. మెదడు అడుగున నల్లటి చార ఒకటి ఉంటుందట. అందులోని కణాలు డోపమిన్ అనే సరుకు తయారుచేస్తాయట. మెదడు మొత్తంలో కణాలు వేల కోట్లయితే ఈ సరుకు చేసేవి కొన్ని లక్షలేనట. మీ జబ్బులో ఆ చార తెల్లబడుతుందట. జుట్టు తెల్లబడ్డం చూశాను గానీ మెదడు లోపల తెల్లబడే చోటు ఒకటుందని నాకేం తెలుసు. ఆ పిసరంత సరుకు చేతిని కదిలిస్తుంది. అదే సరుకు, ఇది బాగుంది, ఇంకోసారి చెయ్యి అని కూడా చెప్తుందట. మీ మాత్ర ఆ సరుకు వేషం వేసుకుని తిరుగుతుందట. ఎక్కువైతే ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఆగదట.

అక్కడ బల్ల మీద పిల్లల ప్రయోగం ఉంది. మీరు చూడలేదు కదా, చెప్తాను. గాజు ఫ్లాస్కులో నీళ్ళలాంటి ద్రావణం. పైన గొట్టంలోంచి చుక్క చుక్కగా వదులుతారు. ఎన్ని చుక్కలు పడ్డా రంగు మారదు. తర్వాత ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటే. ఫ్లాస్కంతా గులాబి రంగు. ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆ గులాబి నీళ్ళు సింకులో పారబోస్తూనే ఉన్నాను. మేడమ్ మాటలు విన్నాక ఫ్లాస్కు చేతిలో పట్టుకుని చాలాసేపు పారబోయలేకపోయాను. మనిషి కోపం, నవ్వు, నడక, పట్టుదల, అన్నీ ఇలాంటి ఒక్క చుక్క మీద నిలబడి ఉన్నాయా అనిపించింది.

మీ అంతట మీరు మందు ఆపెయ్యకండి, అది ఇంకా ప్రమాదమట. డాక్టరుకి చెప్పండి. జేబుల సంగతి, మూడో మాత్ర సంగతి. చెప్పండి బావగారూ.

మీ బావమరిది


మే 11

బావమరిదికి,

చిన్నప్పుడు మా అమ్మ నన్ను మొద్దు అని పిలిచేది. నువ్వు కాజా చూసే మొహం అన్నావు. పెళ్ళైన కొత్తలో మీ అక్క, "గోడతో కాపురం చేస్తున్నా" అని మీ అమ్మతో అనడం నేను విన్నా. ఇప్పుడు గోడ మాట్లాడుతుంటే జబ్బంటున్నారు.

ముందు ఉన్నది జబ్బు. ఇప్పుడున్నది మందు. ఈ రెండిటి మధ్యా నేనెక్కడున్నానో మీ మేడమ్‌ని అడిగి రాయి. నల్లటి చార, తెల్లటి చార కాదు. నేను.

డాక్టరుకి చెప్తే తగ్గిస్తాడు. తగ్గిస్తే చెయ్యి మళ్ళీ మొదలు. దారాలు మళ్ళీ నంబర్లైపోతాయి. ఇస్త్రీ అతను పలకరిస్తే ఏం చెప్పాలో తోచదు. నీకు ఉత్తరం రాయాలనిపించదు. నీకు నచ్చిన బావగారు ఒకాయన వచ్చాడు చూడు, ఆయన వెళ్ళిపోతాడు. నన్ను అడుగుతున్నది అదీ. తెలిసే అడుగుతున్నావా?

నీ చొక్కా మీద నా చేతి పని ఉంటే ఎలా ఉందో చెప్పలేనని రాశావు. అది మాత్ర పని అయితే ఇప్పుడెలా ఉంది?

జవాబు రాయకపోయినా పర్లేదు.

బావ


మే 18

బావగారికి,

రాయకపోయినా పర్లేదన్నారు కాబట్టి రాయక తప్పలేదు.

మీరడిగింది మేడమ్‌ని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది నాకూ తెలీదు" అన్నారు. తర్వాత, "మీ బావగారిది చీటీ మీద రాసిచ్చిన సరుకు, మనది లోపలే కాసుకునే సరుకు. అంతకంటే తేడా లేదు" అన్నారు. ఇంటికి నడుస్తూ అదే ఆలోచించాను. నేను చేసే వెటకారం కూడా ఎక్కడో ఏదో చుక్క ఎక్కువ పడ్డం వల్లేనన్నమాట. ఇంతకాలం అది నా తెలివనుకుని తలెగరేసి తిరిగాను. వీధి మలుపులో ఓ పసివాడు ఊరికే ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ ఎత్తుకోగానే ఊరికే నవ్వాడు. ఆ బుర్రలో ఇప్పుడు ఏం కారింది, ఏం ఆగింది అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. వాళ్ళమ్మ నన్ను అనుమానంగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మేడమ్ ఇంకో సంగతి చెప్పారు. ఈ మందు పడనివాళ్ళు ఇంకా ఉన్నారట. గడియారాలు బాగుచేసే ఒకాయన ఇంట్లో ఉన్న గడియారాలన్నీ విప్పేసి మళ్ళీ బిగించకుండా కూచున్నాడట. తోట పని చేసే ఒకావిడ గులకరాళ్ళు రంగుల వారీగా పేర్చిందట, రోజంతా. మందు అందరికీ ఒకటే. మరి మీరెందుకు గులకరాళ్ళు పేర్చలేదు? మందుకి కుట్టుపని రాదు బావగారూ. నలభై ఏళ్ళు వేళ్ళు అరగదీసుకుని నేర్చుకున్నది మీరు. అది వెనక నుంచి తోసిందంతే. ఆ నీలంలో సాయంత్రం చూసినవాళ్ళు ఎవరో నాకు తెలుసు. మాత్రకి నీలం తెలీదు. నేనెవరో కూడా దానికి తెలీదు. నాకు చొక్కా కుట్టాలని దానికెలా తోస్తుంది?

నాకు నచ్చిన బావగారు వెళ్ళిపోతాడన్నారు. తెలిసే అడుగుతున్నాను. మా అమ్మ పోయిన రోజు తిన్నావా అని అడిగిన ఆయన నాకు చాలు. అప్పుడు మీకు ఏ మాత్రా లేదు. ఇంట్లో అంతమంది ఉన్నారు, ఆ మాట ఎవరూ అడగలేదు.

ఇంకో మాట. ఇప్పుడు మీరు బాగా మాట్లాడుతున్నారు గానీ అవతలివాళ్ళు చెప్పింది వినబడట్లేదు. అక్క రోజూ మీ ఎదురుగా నిలబడి ఉంది.

మీ బావమరిది


జూన్ 9

బావమరిదికి,

ఈ ఉత్తరం ఒక రోజులో రాసింది కాదు. మధ్యలో ఆపి ఆపి రాస్తున్నా. భూతద్దం మళ్ళీ తెచ్చుకో.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మీ అక్క కూడా వచ్చింది. పక్క కుర్చీలో కూచుని గోడ మీద బొమ్మ చూస్తోంది. డాక్టరు చేతులు చాపమన్నాడు, చూశాడు, రాసుకున్నాడు. "ఇంకేమైనా ఉందా" అన్నాడు. లేదు అనే మాట నాలుక చివరికి వచ్చింది. మీ అక్క నా వైపు చూడను కూడా లేదు. కానీ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేలి కణుపులు తెల్లగా అయ్యాయి. నెలల తర్వాత నాకు ఆ చెయ్యి కనిపించింది.

"జేబులు" అన్నా.

"ఏం జేబులు?" అన్నాడు. చెప్పాను. చెప్పడం మొదలుపెడితే బ్యాంకు ఆఫీసరు కోటు దాకా చెప్పాను. మూడో మాత్ర చెప్పాను. తిడతాడనుకున్నా. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇది మందు చేసేదే. ముందే అడగాల్సింది నేను" అన్నాడు. మెల్లగా తగ్గిస్తూ వస్తున్నాడు. వేరే మందు కొంచెం కలిపాడు.

చెయ్యి కొంత ఆగుతుంది, కొంత ఆగదు. కత్తెర నేను పట్టడం లేదు, గీత గీస్తే మీ అక్క కత్తిరిస్తోంది. తప్పుగా కత్తిరిస్తోంది. చెప్తే వినదు. మొన్న నీలం పెట్టె తీసి చూశాను. సిరా ఉంది. సాయంత్రం ఉందనుకుంటే ఉన్నట్టుంది. స్టవ్ మంట దొరకలేదు. భయమేసింది. చాలాసేపు మూత వెయ్యలేకపోయా.

మిషను ముందు కూచుంటే చేతులు ఇంకా వెతుక్కుంటాయి. అప్పుడు మీ అక్క గుడ్డ బదులు తన చెయ్యి పెడుతోంది.

సర్దుకున్న బట్టల పెట్టె ఖాళీ చేసింది. నేను చూస్తుండగానే.

బావ


జూన్ 17

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భూతద్దం వాళ్ళకి మళ్ళీ ఎందుకివ్వాలి, నా దగ్గరే ఉంచేసుకుంటా. అక్షరాలు చిన్నవైతే అయ్యాయి. పెద్ద అక్షరాల్లో మీరు ఇంత రాయలేదు.

ఇక్కడి కబుర్లు. మెదడు రసాయనాల గురించి నేను ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తున్నానని మేడమ్ తల పట్టుకుంటున్నారు. మొన్న ప్రిన్సిపాల్‌గారు నా మీద కేకలేస్తుంటే, "ఫర్వాలేదు సార్, ఆ కోపం మీది కాదు, రసాయనానిది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అలాగా. అయితే నీ సెలవు చీటీ మీద సంతకం పెట్టనిది కూడా రసాయనమే. వెళ్ళి దాన్నే అడుగు" అన్నారు. మిమ్మల్ని చూడ్డానికి రావాలని పెట్టిన సెలవు అది. కాబట్టి ఇంకో వారం ఆగాలి. నేనిప్పుడు ప్రిన్సిపాల్‌గారి లోపలి సరుకు ఎప్పుడు బాగుంటుందా అని పొద్దున్నే ఆయన నడక చూసి కనిపెడుతున్నాను.

మా ల్యాబులో ఫ్యాను కూడా ఈ మధ్య వణుకుతోంది. దానికి మీ డాక్టరు అడ్రసు ఇచ్చాను.

అక్కకి ఈ ఉత్తరం చదివి వినిపించమని చెప్పండి. మీ కళ్ళకి శ్రమ తప్పుతుంది, ఆవిడకి నన్ను తిట్టే అవకాశం దొరుకుతుంది.

వచ్చే వారం మీ గుమ్మంలో కనిపించబోయే
మీ బావమరిది


జూన్ 23

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క చదివింది. నేను ఎదురుగా కూచుని విన్నా.

ప్రిన్సిపాల్ సంగతి దగ్గర నేను నవ్వాను. మొహం మీదికి రాలేదు. లోపల నవ్వుతున్నట్టు నాకు తెలుస్తోంది, మొహానికి కబురు అందట్లేదు. ఆవిడ కాగితం మీంచి తలెత్తి నన్ను చూసింది, ఏం లేదనుకుని మళ్ళీ చదవబోయింది.

అప్పుడు నోటితో చెప్పా. "నవ్వాను" అని.

"ఏమిటీ?" అంది. నా గొంతు సంగతి తెలుసుగా. మళ్ళీ చెప్పా. "ఆ సెలవు చీటీ దగ్గర. నవ్వాను."

ఆవిడ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "ఇంతకు ముందు కూడా నవ్వేవారా" అని అడిగింది. ఎప్పటి సంగతి అడుగుతోందో అర్థమైంది.

"చాలాసార్లు" అన్నా.

చేతిరుమాలు ఎక్కడుందో వెతుక్కుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఉత్తరం మళ్ళీ తీసి మిగతాది చదివింది. ఫ్యాను దగ్గర ఆపి నా మొహం పరీక్షగా చూసి, "ఇక్కడో?" అంది.

"ఇక్కడ లేదు" అన్నా. "అదేం బాలేదు."

బావ